కోసిన పైపు

బ్యాటరీ తీగ ఊడదీసి, దాని కొసకు గుడ్డ చుట్టి, దానయ్య వ్యాను తాళంచెవిని పళ్ల మధ్య బిగించాడు. పెట్రోలు కారే బండి దగ్గర ఎప్పుడూ అంతే. తాళం నోట్లో ఉంటే ఎవరూ బండిని కదిలించలేరు. తనకూ మాట్లాడే పని ఉండదు. తరువాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఇంజను చల్లారడానికి.

సింగపూరులో, ఆంగ్ మో కియోలోని ఆ షెడ్డులో ఆయనకది పందొమ్మిదో ఏడు. ఎడమచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కరిగి గడ్డకట్టిన మైనంలా ఉంటుంది. వెనకటికి ఊళ్లో, గాజువాకలో, వేడి ఇంజను మీద పెట్రోలు పడి, తోటి మెకానిక్ తిరుమల ఆయన చేతుల్లోనే కాలిపోయాడు. అరుపు ఆగాక కూడా చాలాసేపు కాళ్లు తన్నుకున్నాయి. భార్య కోటేశ్వరికి ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. ఆ కాళ్ల సంగతి మాత్రం ఆమెకు కూడా చెప్పలేదు.

ఈ వ్యానుకు పదహారేళ్లు. రోజూ పదకొండు మంది కూలీలను చమురు కర్మాగారాలుండే జురాంగ్ ఐలాండ్‌కు మోస్తుంది. రబ్బరు పైపు పగిలి, పెట్రోలు చెమటలా ఊరుతోంది.

"కూర్చున్నారేంటి అంకుల్? టేపు చుట్టి పంపెయ్యండి. నిన్నటిదాకా అలాగే తిరిగింది కదా!" అన్నాడు డ్రైవరు అనిల్‌కుమార్.

దానయ్య ఇంజను వైపు వేలు చూపించాడు. దాని మీది గాలి ఇంకా వేడికి వణుకుతోంది.

"రెండింటికి షిఫ్టు. ఇంకోసారి లేటయితే విమానం టికెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తానన్నాడు బాసు. మీకేం, నోట్లో తాళం పెట్టుకుని పెళ్లికొడుకులా కూర్చున్నారు!"

దానయ్య తాళం బయటికి తీశాడు. "సల్లారనీరా. పదకొండుమంది ఎక్కుతారు. మనిషి కాల్తే ఎలాగుంటాదో నాను సూసినాను." మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

ఇంకో అరగంట గడిచింది. అనిల్ ఉన్నట్టుండి ఆయన దవడ పట్టుకుని, నోట్లో వేళ్లు దూర్చి తాళం లాగాడు. దాంతో ఒక పన్ను కూడా వచ్చింది. దానయ్య వెనక్కి పడ్డాడు. బెంచీ ఇనప అంచు తల వెనక ఠంగుమంది. అనిల్ వ్యానెక్కి తాళం తిప్పాడు. బండికి ఉలుకూ పలుకూ లేదు. దూకి వచ్చి, బ్యాటరీ తీగ మీది గుడ్డ విప్పాడు.

దానయ్య లేచాడు. బెంచీ మీది కత్తి తీసుకుని, పాత పైపును ఒక్క వేటుతో రెండు ముక్కలు చేశాడు. పెట్రోలు చిమ్మి ఆయన చొక్కా తడిపింది. తీగకూ బ్యాటరీకీ మధ్య అంగుళం దూరం.

"పెట్టరా తీగ," అన్నాడు, నెత్తురు ఉమ్మి. "రవ్వ లేస్తే ముందు నాను. తరవాత నువ్వు."

అనిల్ చేతిలోంచి తీగ జారింది. ఆ చేతినే పిడికిలి చేసి ఆయన ముఖం మీద గుద్దాడు. పడ్డాక డొక్కలో తన్నాడు. ఆఫీసు గదిలోంచి షెడ్డు లెక్కలు చూసే అరుణమ్మ చీపురు ఎత్తి పరిగెత్తుకొచ్చేదాకా తన్నుతూనే ఉన్నాడు.

"ఐయో, పోలీసుకు కాల్ చేస్తున్నా!" అందామె.

"వద్దమ్మా. పైపు ఎయ్యనీ," అన్నాడు దానయ్య, బెంచీ పట్టుకుని లేస్తూ.

ఆయన చొక్కా మార్చుకున్నాడు. కింద పడ్డ పెట్రోలు మీద ఇసుక చల్లాడు. వాసన పోయేదాకా ఆగాడు. కొత్త పైపు తొడిగి, క్లిప్పులు బిగించి, తీగ కలిపాడు. ఇంజను స్టార్టు చేయకుండా మూడుసార్లు తాళం తిప్పి, పైపులోకి పెట్రోలు తోసే పంపు ఆడించాడు. పైపు పక్కన చిన్న టార్చి వెలిగించి పెట్టి, అతుకుల చుట్టూ వేలు పోనిచ్చి, ఆ వేలు అనిల్‌కు చూపించాడు. పొడిగా ఉంది.

"బాగా తగిలిందా అంకుల్?" అన్నాడు అనిల్ నేలచూపులు చూస్తూ.

"ఎల్లరా. లేటవుతాది."

వ్యాను వెళ్లాక దానయ్య టైర్ల దొంతికి ఆనుకుని కూర్చున్నాడు.

"మకాన్ కూడా చెయ్యలేదు కదా, ఖాళీ కడుపుతో ఉన్నావు, టీ తెస్తానుండు," అంది అరుణమ్మ.

"తలకాయ బరువుగా ఉంది. కూసింతసేపు కళ్లు మూసుకుంటాను."

ఆమె టీ తెచ్చేసరికి తల భుజం మీదికి వాలి ఉంది. పిలిచింది. చెయ్యి పట్టుకుని చూసింది. మళ్లీ పిలవలేదు.

గంట తరువాత వ్యాను జురాంగ్ ఐలాండ్ గేటు దగ్గర ఆగింది. లోపల పదకొండు మందీ నిద్రలో ఒకరిమీద ఒకరు వాలి ఉన్నారు. తనిఖీ మనిషి చెప్పగా అనిల్ బానెట్ ఎత్తాడు. కొత్త పైపు మీద చుక్క తడి లేదు. దాని పక్కన, ఎప్పుడూ ఏదీ మరిచిపోని దానయ్య మరిచిపోయిన చిన్న టార్చి, పట్టపగలు, వెలుగుతూనే ఉంది.