జయకుమారి గదికి అతిథి

ఢిల్లీ ద్వారకాలోని ఆ ఫ్లాట్ల సొసైటీలో పొద్దున్నే పేపరు చదవడమంటే పద్మనాభంగారు చదవడం, తక్కినవాళ్ళు వినడం. ఆర్థికశాఖలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైన ఆయనే సొసైటీకి సెక్రటరీ. 2010 సెప్టెంబరు నెలాఖరున, గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చుని, కామన్‌వెల్త్ క్రీడల మీద వచ్చిన ప్రతి చెడ్డ వార్తనూ శుభలేఖ చదివినంత ఇష్టంగా చదివేవారు.

"వినండి. కాలినడక వంతెన కూలిందిట. క్రీడాగ్రామంలో పరుపుల మీద కుక్క అడుగులట. ఒక గదిలో పాముట! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని ఊరికే అన్నారా? రాసిస్తాను, ఈ ఆటలు జరగవు."

తర్వాత ఆయన చూపు మూడో అంతస్తు ఆమోసుగారి వైపు తిరిగేది.

"ఆటలకొచ్చి మీ ఇంట్లో దిగుతానన్న దొరసాని వస్తుందంటారా, ఆమోసుగారూ?"

"వస్తానని రాసిందండీ."

"రాయడానికేం! ఎ బ్లాకు వాళ్ళకీ రాశారు, కెనడా జంట. మొన్ననే మానేస్తున్నామని ఇంకో ఉత్తరం. నా మాట విని ఆ కొత్త దుప్పట్లు మీరే కప్పుకోండి."

బెంచీ అంతా నవ్వేది. ఆమోసుగారూ నవ్వేవారు. కాని మూడంతస్తులు ఎక్కి తలుపు తీసేసరికి ఆ నవ్వు మిగిలేది కాదు.

ఆ ఇంట్లో రెండో గది జయకుమారిది. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసిన ఆయన భార్య చివరి ఎనిమిది నెలలూ ఆ గదిలోనే మంచం మీద గడిపింది. ఆమె పోయి మూడేళ్ళు. అప్పటి నుంచి ఆయన హాల్లో దివాను మీదే పడుకుంటున్నారు. ఆ గది తలుపు వేసే ఉండేది. అంతకు ముందు, ఆర్.కె. పురం క్వార్టర్లో ఉన్న రోజుల్లో, వాళ్ళింట్లో బయటి మనిషి లేని ఆదివారం ఉండేది కాదు. నరసాపురం నుంచి, బాపట్ల నుంచి నర్సు ఉద్యోగానికి ఢిల్లీలో దిగిన ప్రతి పిల్లా ముందు జయకుమారి చేతి చేపలపులుసు తిని, తర్వాతే హాస్టలుకు వెళ్ళేది.

క్రీడలకు వచ్చేవాళ్ళ కోసం ప్రభుత్వం జనం ఇళ్ళల్లో గదులు అడుగుతోందని వేసవిలో కూతురు కెరెన్ గుర్గావ్ నుంచి ఫోను చేసి చెప్పింది.

"నాన్నా, మమ్మీ గది రాయించేశాను. టెన్షన్ మత్ లో. అన్నీ నేను చూసుకుంటా."

వారం రోజులు ఆయన కూతురితో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒక ఉదయం తనంతట తనే తలుపు తీసి, కిటికీ గడియ కొట్టి కొట్టి ఊడదీశారు. సున్నం వేయించారు. ఆకుపచ్చ పరదాలు కట్టారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు గీజరు తిప్పి చూసి, "ఠీక్ హై, అంకుల్‌జీ" అన్నప్పుడు పరీక్ష పాసైన కుర్రాడిలా పొంగిపోయారు. ఎవరూ రాకపోతే ఆ తలుపు మళ్ళీ మూతపడుతుందని, ఇంకోసారి తీసే ఓపిక తనకు ఉండదని ఆయనకు తెలుసు. వస్తానన్నది ఒక్కరే. టోంగా అనే ద్వీపదేశం నుంచి మెలె అనే ఆవిడ.

అక్టోబరు రెండో తేదీ పన్నెండింటికి రావాలి. ఆమోసుగారు బ్రెడ్డు, జాము, కార్న్‌ఫ్లేక్స్ బల్ల మీద పెట్టి బాల్కనీలో నిలబడ్డారు. ఒంటిగంటైంది. రెండైంది. మూడింటికి బ్రెడ్డు మీద ఈగను తోలి, చెప్పులు వేసుకుని కిందికి దిగారు.

పద్మనాభంగారు ఆయన ముఖం చూశారు. నెలరోజులుగా దాచుకున్న "చెప్పానా!" నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"కూర్చోండి, ఆమోసుగారూ. దారిలో ట్రాఫిక్కేమో," అన్నారు మెల్లగా.

ఆ మెత్తని మాట ఎగతాళికన్నా బరువుగా తగిలింది. ఆమోసుగారు గార్డు రాంఫల్ వైపు తిరిగారు. "భయ్యా, విదేశీ మేడమ్ ఎవరైనా వచ్చారా?"

"లేదు సర్‌జీ. పొద్దుటి నుంచి గోరీ మేమ్, అదే తెల్ల దొరసాని, ఒక్కరూ రాలేదు. సెక్రటరీ సాబ్ భోజనానికి వెళ్ళినప్పుడు, ఇల్లు అద్దెకు వెతుక్కుంటూ ఒకావిడ మాత్రం వచ్చింది. ఉంగరాల జుట్టు, నల్లగా, ఇంత ఎత్తు. రెండు పెట్టెలు. ఆమోస్, ఆమోస్ అని ఏదో అంది."

"ఏం చేశావు?"

"పోలీసు వెరిఫికేషన్ లేకుండా కిరాయిదారును లోపలికి రానివ్వొద్దని సెక్రటరీ సాబ్ ఆర్డరు కదా. మార్కెట్లో ప్రాపర్టీ డీలరు దగ్గరికి పంపాను."

"ఆవిడే కదయ్యా, నా గెస్టు!"

"గోరీ కాదు కదా, సర్‌జీ!" రాంఫల్ బిక్కముఖం వేసి పద్మనాభంగారిని చూశాడు. దొరసాని వస్తే సెల్యూట్ కొట్టాలని, దొరసాని ఎలా ఉంటుందో వివరంగా చెప్పి, నెలరోజులు తయారు చేసింది ఆయనే.

పద్మనాభంగారు పేపరు మడత పెట్టి లేచారు. "పదండి."

అరవై దాటిన ఇద్దరూ మార్కెట్టు దాకా దాదాపు పరుగెత్తారు. డీలరు దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒకావిడ కూర్చుని టీ తాగుతోంది. పూల గౌను, చెవి వెనక నిజమైన పువ్వు. ఆమోసుగారు ఆయాసపడుతూ పేరు చెప్పగానే ఆవిడ లేచి, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తూ ఇంగ్లీషులో అందుకుంది.

"మీ ఊరివాళ్ళు ఎంత మంచివాళ్ళండీ! ఇందాకటి నుంచి ఈ అబ్బాయి నాకు రెండు ఇళ్ళు చూపించాడు. మీకేది కావాలంటే అది తీసుకోండన్నాడు. రెండోది నాకు నచ్చింది కాని, అందులో మంచం లేదు."

డీలరు చేతిలోని తాళాల గుత్తి మెల్లగా జేబులోకి పోయింది. పద్మనాభంగారు ముందు దగ్గారు, తర్వాత నవ్వాపుకోలేక దుకాణం గోడ పట్టుకున్నారు. పెద్ద పెట్టె ఆయనే ఎత్తుకున్నారు, మూడంతస్తులూ.

బ్రెడ్డూ జామూ చూసి మెలె మొహమాటంగా ఒక ముక్క తుంచింది. వంటింటి గట్టు మీద, రాత్రి తన కూరకని ఆమోసుగారు తెచ్చుకున్న చేమదుంపలు కనిపించేసరికి మాత్రం కేక పెట్టినంత పని చేసింది. వాళ్ళ దేశంలో అదే అన్నమట. ఉడికించిన దుంపలు కొబ్బరిపాలలో వేసి ఇస్తే, చిన్న ప్రార్థన చేసుకుని, గిన్నె ఖాళీ చేసి మరీ మాట్లాడింది.

"మొదట ఆరుగురం రావాలనుకున్నాం. మా అన్నదమ్ములు పేపర్లు చూసి భయపడ్డారు. ఇండియాలో పాములట, మంచాలు విరుగుతాయట. మా చిన్నాన్న అయితే, ఆటలే జరగవు, రాసిస్తానన్నాడు."

పద్మనాభంగారు కళ్ళు దించుకున్నారు.

"నా కొడుకు సియోనే బాక్సరు. బహుశా మొదటి రౌండులోనే దెబ్బలు తింటాడు. తిన్నప్పుడు వాడి వైపు అరిచే మనిషి ఒక్కరైనా ఉండాలి కదా? అందుకని వచ్చేశాను." సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. "ఐదు టిక్కెట్లు మిగిలిపోయాయి. మీకు తెలిసిన అరిచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆమోసుగారు పద్మనాభంగారి వైపు చూశారు.

ఆవిడ గదిలోకి వెళ్ళి, మంచి గది అని, మంచం మీద వాలింది. తలుపు వేసుకోవడం కూడా మరిచిపోయి, సాయంత్రం ఐదింటికే నిద్రపోయింది. కాసేపటికి గురక మొదలైంది. ఆమోసుగారు హాల్లో నిలబడి విన్నారు. జయకుమారి చివరి రోజుల్లో రాత్రుళ్ళు ఆయన అక్కడే నిలబడి, తర్వాతి ఊపిరి వస్తుందా అని లెక్కపెట్టేవారు. ఈ ఊపిరికి లెక్క అక్కర్లేదు. ప్రయాణం చేసి అలిసిపోయి, కడుపునిండా తిన్న మనిషి ఊపిరి అది. ఆయన వెళ్ళి ఫ్యాను ఒక పాయింటు తగ్గించి, తలుపు ఓరగా చేరేసి వచ్చారు.

పద్మనాభంగారు ఇంకా వెళ్ళలేదు. టిక్కెట్టును కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు.

"బాక్సింగ్ తాల్‌కటోరా స్టేడియంలోట. అక్కడికి మనకు బస్సు ఏది?" అన్నారు గుసగుసగా.

"కెరెన్ కారు తెస్తుందిలెండి. ఆటలు జరగవన్నారుగా?"

"ఆ మాట టోంగాలో కూడా అన్నార్ట కదండీ. నా ఒక్కడికే అంటగడతారేం? కుర్రాడి పేరేమిటన్నారు?"

"సియోనే. అంటే మన బైబిల్లో యోహాను."

"వాడికి మన ఇండియావాడే ఎదురుపడితేనో?"

"అప్పుడు మీ ఇష్టం."

పద్మనాభంగారు ఆలోచించారు. "ఒక రౌండు మనవాడికి, ఒక రౌండు సియోనేకి. పాపం, ఒక్క తల్లి ఎంతని అరుస్తుంది?" అని పిడికిలి పైకెత్తి, గొంతులోనే, "సియోనే! సియోనే!" అని సాధన చేశారు. మూడోసారి గొంతు ఆయన మాట వినలేదు. హాలంతా మోగింది.

లోపల గురక ఆగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఒక్క క్షణం తర్వాత గురక మళ్ళీ అందుకుంది, ఈసారి ఇంకొంచెం జోరుగా. ఆ పెద్దమనుషులిద్దరూ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, దివాను కదిలిపోయేలా నవ్వారు.