వెనక సీటు

లిఫ్టులో బరువెక్కువై గంట మోగినప్పుడు మనుషులేం చేస్తారో లిఫ్టాయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ముప్ఫై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి, అందుకే వీధిలో అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. గంట మోగగానే లోపలున్నవాళ్లు ముందు పైకప్పు వంక చూస్తారు. తర్వాత మెల్లిగా అందరి చూపులూ చివర ఎక్కిన మనిషి మీదికి తిరుగుతాయి. బరువు అందరిదీ, దిగేది మాత్రం ఆ ఒక్కరే. దిగుతూ ఒక నవ్వు నవ్వి, "పర్లేదు, మీరు వెళ్లండి" అంటారు. ఆ నవ్వు అతను కొన్ని వేలసార్లు చూశాడు. సొంత ఇంటి గేటు ముందు, తను మనసుపడి కొన్న కారు పక్కన అదే నవ్వు చూడాల్సొస్తుందని మాత్రం అనుకోలేదు.

అతనికి ఇరవై ఆరేళ్లప్పుడు టైర్ల కొట్టువాళ్లు ఒక క్యాలెండరిచ్చారు. ఆగస్టు పేజీలో ఒక స్పోర్ట్స్ కారు. ముదురాకుపచ్చ రంగు, నేలకి బోర్లా పడుకున్నట్టుండే ఒళ్లు, రెండు దీపాలతో నేరుగా మన వంకే చూపు. పొద్దస్తమానం పైకీ కిందికీ తప్ప ఇంకెటూ కదలని పెట్టెలతో కాపురం చేసేవాడు, నేల మీద దూసుకుపోయే బండి మీద మనసు పడ్డాడంటే వింతేముంది? ఆగస్టు వెళ్లిపోయింది గానీ ఆ పేజీ వెళ్లలేదు. అతనికి పెళ్లయింది, పిల్లలు కలగలేదు, ఇల్లు కొన్నారు. ఆ పేజీ కూడా కొత్తింటికొచ్చి హాల్లో బీరువా తలుపుకి లోపలివైపు అంటుకుంది.

ఇల్లు ముగ్గురిది. అతను, భార్య, అతని అక్క. కొనేటప్పుడు మొగుడూపెళ్లాల జీతాలు చూసి బ్యాంకువాళ్లు పెదవి విరిస్తే, ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే అక్క వెళ్లి అప్పు కాగితాల మీద మూడో సంతకం పెట్టింది. పందొమ్మిదేళ్లు ముగ్గురూ తలా ఒక చెయ్యి వేస్తే ఆ అప్పు కదిలింది. అక్క పెళ్లి చేసుకోలేదు. ఆ ఊసెత్తితే, "దుప్పట్లు మడతపెట్టడానికే నాకు టైం చాలట్లేదు, ఇంక మొగుణ్ణెక్కడ మడతపెట్టను" అని నవ్వేసే రకం. మహా మాటకారి. ఏ సంగతి చెవినపడ్డా దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ కూపీ లాగితేగానీ వదలదు.

కారు బొమ్మని భార్య ఏనాడూ పట్టించుకోలేదు. ఆ ఇంట్లో అతని కలని కలగా లెక్కపెట్టింది అక్క ఒక్కతే. ఇస్త్రీ దుప్పట్లు బీరువాలో సర్దుతూ, చేతిలో ఉన్న గుడ్డతో ఆ బొమ్మ మీది దుమ్ము కూడా తుడిచేది.

"ఏరా, మన కారు గంటకి ఎంత పోతుందన్నావు?" అనేది. అతను చెప్పేవాడు. "అమ్మో, అంత స్పీడే? ఈ రంగే దొరుకుతుందా? దొరక్కపోతే ఏ రంగు తీసుకుందాం?" అనేది. అదీ చెప్పేవాడు. "అప్పు తీరిపోనీ, కొనేద్దాం. నువ్వూ మీ ఆవిడా ముందు కూచోండి. నేను వెనక, కిటికీ పక్కన. సరేనా?"

"ఊఁ" అనేవాడు అతను.

ఆ కారుకి వెనక సీటు లేదు. పట్టేది ఇద్దరే. ఆ సంగతి అతనికి మొదటిరోజు నుంచీ తెలుసు. బొమ్మ ముందువైపు నుంచి తీసింది కాబట్టి అక్కకి తెలిసే వీలు లేదు. ఆవిడ మొదటిసారి ఆ మాట అన్నప్పుడే చెప్పేసి ఉంటే ఇద్దరూ నవ్వుకునేవాళ్లు, అక్కడితో అయిపోయేది. ఎప్పుడో కొనబోయే కారు, దానికి లేని సీటు, ఇప్పట్నించీ ఈ గొడవెందుకని ఊరుకున్నాడు. రెండోసారి చెప్పడం కొంచెం కష్టమైంది. పదేళ్లు గడిచాక ఇక ఆ ఊఁని వెనక్కి తీసుకునే దారే లేకపోయింది. ఊఁ అంటే అవునని కాదు, వింటున్నానని మాత్రమే కదా అని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు. ఎంత తెలివో చూడండి.

అప్పు తీరింది. బ్యాంకువాళ్లు ఇంటి కాగితాలు చేతిలో పెట్టిన మూడో నెలలో, పాత కార్లు అమ్మే షోరూము నుంచి సేల్స్‌మన్ ఫోన్ చేశాడు. ఆ మోడలే వచ్చిందట, ఆ రంగే. లిఫ్టాయన ఆ షోరూము చుట్టూ ఆరేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. ఇంట్లోవాళ్లు చూస్తే ఏమడుగుతారో అతనికి తెలుసు. అందుకే కారు తెస్తున్నానని మాత్రం చెప్పి, ఒక్కడే వెళ్లి సంతకాలు చేసి, ఒక్కడే నడుపుకుంటూ ఇంటికి తెచ్చాడు.

గేటు దగ్గర ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. భార్య వంటింట్లోంచి వచ్చింది వచ్చినట్టే నిలబడింది. అక్క మాత్రం సగం రోజు సెలవు పెట్టి, ఉన్నవాటిలోకి మంచి బట్టలు కట్టుకుని, గాలికి జుట్టు రేగకుండా తలకి స్కార్ఫు చుట్టుకుని, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని తయారైంది.

"ఎంత బావుందిరా! బొమ్మలోకన్నా బావుంది" అంటూ కారు ముందు నుంచి మొదలుపెట్టి, ఒంటి మీద అరచేత్తో నిమురుకుంటూ వెనక్కి నడిచింది. ముందు తలుపు దాటాక ఆ చెయ్యి నెమ్మదించింది. కాస్త వెనక్కి జరిగింది, మళ్లీ ముందుకొచ్చింది. హ్యాండిలు కోసం తడుముతోందని అతనికి అర్థమైంది. అక్క కారు వెనకగా చుట్టూ తిరిగి రెండోవైపూ వెతికింది.

"వెనక తలుపు ఎటునించి తెరుచుకుంటుందిరా?"

ముప్ఫై ఏళ్ల సర్వీసులో తాడు జారిన లిఫ్టు కింద నిలబడ్డప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు.

"అదేనక్కా... నాకూ ఇప్పుడే తెలిసింది. వీటికి వెనక సీటు ఉండదట. వాళ్లు ముందు చెప్పనేలేదు."

అక్క కారు వంక చూసింది. తమ్ముడి మొహం వంక చూసింది. అప్పుడు ఆ నవ్వు వచ్చింది.

"పర్లేదురా, మీరిద్దరూ వెళ్లి రండి. నాకెలాగూ మత్తుగా ఉంది. కారెక్కితే కడుపులో తిప్పుతుంది కదా అని గంట ముందే మాత్ర వేసుకున్నా."

భార్య ఎక్కనంది. అక్కే బలవంతాన కూర్చోబెట్టి తలుపు వేసింది.

కారు వెన్నలా కదిలింది. కాలు అలా ఆనిస్తే చాలు, రోడ్డు దానంతటదే ఒళ్లోకొస్తోంది. పాతికేళ్లు ఊహించుకున్నదానికి ఒక్క పిసరు తక్కువ లేదు. ఆనందంగానే ఉంది, అదే అతనికి తలకొట్టేసినట్టుంది. నచ్చకపోయినా బాగుండేదనిపించింది. రెండు వీధులు దాటాక భార్య నోరు విప్పింది.

"బీరువా తలుపుకి అన్నేళ్లు అతికించుకున్న బండికి ఎన్ని సీట్లో మీకివాళే తెలిసిందా?"

అతను గేరు మార్చాడు.

"వదినకి మీరే చెప్పండి. నన్ను మాత్రం ఇందులోకి లాగకండి. ఇంకెవరో చెప్పగా తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు."

"చెప్తాను" అన్నాడు. ఆ సాయంత్రమే చెప్పాలనుకున్నాడు. తిరిగొచ్చేసరికి అక్క హాల్లో కుర్చీలోనే నిద్రపోయి ఉంది. స్కార్ఫు తియ్యలేదు. బ్యాగు ఒళ్లోనే ఉంది. అతను చప్పుడు చెయ్యకుండా ఆవిడ ముందునుంచి దాటి లోపలికెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి అక్క కొత్త పని పెట్టుకుంది. కనిపించినవాళ్లందరికీ తమ్ముడి కష్టం చెప్పడం మొదలెట్టింది. "పాపం, మావాణ్ణి నిలువునా మోసం చేశారు. వెనక సీటు లేదని మాటవరసకైనా చెప్పలేదట. వీడేమో నోట్లో నాలుక లేనివాడు, గట్టిగా అడగలేడు" అని పక్కింటివాళ్లకీ, మందుల షాపు ఆయనకీ, లాండ్రీలో అందరికీ చెప్పింది. వాళ్లంతా అతన్ని ఆపి మరీ ఓదార్చేవాళ్లు. ఒక్కో ఓదార్పుకీ అతను ఒక్కో అంగుళం కుంగిపోయేవాడు. ఎవరైనా దొంగా అని తిట్టినా అంత సిగ్గు పడేవాడు కాదేమో.

కారు ఇంటి ముందు పెట్టడానికి మొహం చెల్లక వెనక సందులో పెట్టేవాడు. పనిలోనూ అంతే. అతనితో పాతికేళ్లుగా కలిసి పనిచేస్తున్న ఎలక్ట్రీషియను ఊరుకునే రకం కాదు.

"గురూ, నీ బండి కెపాసిటీ ఎంత?"

"ఇద్దరు."

"మీ ఇంట్లో ముగ్గురు కదా. మరి గంట మోగలేదా?"

అతను స్పానరు వెతుకుతున్నట్టు సంచిలో తల దూర్చాడు. రోజూ పొద్దున కారు తీసేటప్పుడు ఈ సాయంత్రం చెప్పెయ్యాలనుకునేవాడు. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే అక్క ఎదురొచ్చి, "ఇవాళ ఎలా పోయిందిరా? ఎంత స్పీడెళ్లావు?" అని అడిగేది. అతను ఆ లెక్కే చెప్పి లోపలికెళ్లేవాడు. ఆవిడ అలా అడిగినన్నాళ్లూ ఏదీ చెడిపోలేదులే అని గడిపేశాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం అతను ఆరో అంతస్తు దగ్గర లిఫ్టు పెట్టె నెత్తినెక్కి కూర్చుని తాళ్లకి గ్రీజు పూస్తుండగా ఫోన్ మోగింది. సేల్స్‌మన్.

"సార్, ఇందాక మీ అక్కగారొచ్చారండి."

"ఎందుకు?"

"మిమ్మల్ని మోసం చేశామని గట్టిగా అడిగారండి. వెనక సీటు లేదని చెప్పకుండా అంటగట్టామట. కస్టమర్లందరి ముందూ అనేసరికి నాకూ తప్పలేదు సార్. ఉన్నదే చెప్పాను."

"ఏం చెప్పావు?"

"మీరు ఆరేళ్లుగా ఈ మోడల్ కోసమే వస్తున్నారని. మొన్న చలికాలంలో ఇదే కంపెనీది నాలుగు సీట్లది చూపిస్తే, నాకు రెండు సీట్లదే కావాలని మీరే వద్దన్నారని. చెప్పకూడదా అండి?"

లిఫ్టు బావిలో కిందెక్కడో ఎవరో తలుపు మూసిన చప్పుడు పైదాకా వచ్చింది.

"అక్కేమంది?"

"ఏమీ అనలేదండి. కాసేపు కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్లడిగి తాగారు. వెళ్లేటప్పుడు నాకు సారీ చెప్పారు."

అతను ఫోన్ జేబులో పెట్టుకుని ఆ పెట్టె నెత్తినే చాలాసేపు కూర్చుండిపోయాడు. తాళ్లకి పూయాల్సిన గ్రీజు వేళ్ల మధ్యే ఉండిపోయింది. అక్క అక్కడిదాకా రెండు బస్సులు మారి వెళ్లి ఉంటుంది. తన తమ్ముడు నోరులేనివాడని, వాడి తరఫున పోట్లాడేవాళ్లు ఎవరూ లేరని వెళ్లింది. పరాయివాడికి క్షమాపణ చెప్పి వచ్చింది. నేను చెప్పాల్సిన క్షమాపణ అది, అనుకున్నాడు. జీవితంలో తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఇక దాచడానికి ఏమీ లేదు గనక చెప్పడం తేలికే అనుకున్నాడు. దారంతా మాటలు పేర్చుకున్నాడు. అక్కా, నాకు మొదట్నించీ తెలుసు. నీకు సీటు లేదని తెలిసే ఊఁ కొట్టాను. తెలిసే కొన్నాను. తప్పు నాది. నాలుగే నాలుగు ముక్కలు. కారు వెనక సందులో పెట్టకుండా, తేవాల్సిన చోటికే, గేటు ముందుకే తెచ్చి ఆపాడు.

అక్క వరండాలో తాడు మీంచి దుప్పట్లు తీస్తోంది. అతన్ని చూసి, "వచ్చావా, ఆ కొస పట్టుకో" అంది. మామూలు గొంతే.

అతను కొస పట్టుకున్నాడు. దుప్పటికి చెరో వైపు నిలబడి లాగి దులిపారు. చిన్నప్పటి నుంచీ ఇద్దరికీ అలవాటైన పనే. మధ్యకి మడిచి ఒకరికొకరు ఎదురు నడిచారు. చేతులు కలిశాయి, కొసలు మారాయి, మళ్లీ దూరం జరిగారు. అక్క ఇవాళ ఎలా పోయిందని అడగలేదు. స్పీడెంత అని అడగలేదు. కోపంగా చూసినా బాగుండునని అతను ఆ మొహంలో వెతికాడు. కోపం కనపడలేదు. అలసట ఉంది, అంతే.

"అక్కా, ఆ కారు..." అన్నాడు.

అక్క ఆగి అతని వంక చూసింది. రెండోసారి ఎదురు నడిచేసరికి ఆవిడ మొహం మూరెడు దూరంలో ఉంది. ఎదురుచూస్తోంది. దారంతా పేర్చుకున్న నాలుగు ముక్కలూ నాలుక చివరికొచ్చాయి. అంత దగ్గరగా ఆ కళ్లలోకి చూస్తూ ఆ మాట అనడం అతని వల్ల కాలేదు.

"వచ్చే ఏడాది దీన్ని అమ్మేద్దామక్కా" అన్నాడు. "నాలుగు తలుపులది కొందాం. నువ్వు వెనక, కిటికీ పక్కన."

అక్క అతని చేతుల్లోంచి కొసలు తీసుకుంది. చివరి మడత పెట్టి, అరచేత్తో సాపు చేసింది.

"ఊఁ" అంది.

ఏ రంగని అడగలేదు.