హల్వా పొట్లం మీద పడ్డ నింద

నేను ఒక హల్వా పొట్లాన్ని. పెళ్లి విస్తట్లో ఓ మూల వడ్డించే హల్వా అనుకునేరు, నాది సైనికోద్యోగం. రవ్వ, నెయ్యి, చక్కెర, నాలుగు జీడిపప్పులు, ఇంత యాలకుల పొడి కలిపి ఉడికించి, చిరగని రేకు సంచిలో పోసి, మూతి అతికించారు. అంతటితో వదిలారా? సంచితో సహా ఆవిరి పెట్టెలోకి తోసి మళ్లీ ఉడికించారు. పుట్టీ పుట్టగానే రెండుసార్లు ఉడికినదాన్ని కనక నాకు కాస్త కోపం ఎక్కువ. అంత ఉడికించింది మాత్రం ఊరికే కాదు. లోపల ఏ పురుగూ, ఏ బూజూ బతక్కూడదని. పొలిమేర కాసేవాడికి కడుపునొప్పి రాకూడదు కదా.

మొదట లారీలో, ఆ తర్వాత కంచరగాడిద మీద నన్నొక మంచుకొండ పైనున్న పోస్టుకు చేర్చారు. పైకి పోయేసరికి నాకో వింత జరిగింది. అప్పడంలా ఉన్నదాన్ని పూరీలా ఉబ్బిపోయాను. పక్కనున్న పులావుదీ, రాజ్మాదీ అదే అవస్థ. ఏం మాయరోగం వచ్చి పడిందిరా దేవుడా అని హడలిపోయాను గానీ, అక్కడి జవాన్లు దాన్ని ఖాతరే చెయ్యలేదు. కొండ ఎక్కేకొద్దీ బయటి గాలి పలచబడుతుంది. సంచిలో చిక్కుకున్న చారెడు గాలికి ఒత్తిడి తగ్గి ఒళ్లు విరుచుకుంటుంది. ఉన్న సంగతి ఇంతే. అక్కడొక హవల్దారు నన్ను తలకింద పెట్టుకుని మధ్యాహ్నాలు కునుకు కూడా తీశాడు.

వాళ్లకు పొట్లాలు అక్కర్లేనన్ని వచ్చిపడేవి. మిగిలిన సరుకును, గడువు ఇంకా ఐదు నెలలుండగా, కిందికి దించి కొండల్లో నడిచేవాళ్లకు సామాను అమ్మే దుకాణానికి ఇచ్చేశారు. దిగగానే మళ్లీ సన్నబడ్డాను. ఆ దుకాణంలోనే కాంచన నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకుంది.

కాంచనది చిత్తూరు దగ్గర పల్లె. మామిడి గుజ్జును డబ్బాల్లో పట్టే ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా ఆమె పని ఒక్కటే. డబ్బా మూత మీద వేలితో టక్కున కొట్టి, చప్పుడు విని, మంచిదో చెడ్డదో తేల్చడం. మూత ఉబ్బిందంటే లోపల పురుగు పని చేస్తోందని అర్థం. అలాంటి డబ్బాకు అక్కడ ఇక విచారణ ఉండదు. పొరపాటున కూడా ఎవరూ ఏరుకుని తినకుండా బెజ్జం పొడిచి గోతిలో పూడ్చేస్తారు. ఆమె చేతి మీదుగా పోయిన డబ్బా తిని ఇంతవరకు ఎవరూ జబ్బు పడలేదు. ఆ గర్వం ఆమె నడకలోనే కనిపిస్తుంది.

ఆమె వెంట వచ్చింది తమ్ముడు మునిశేఖర్, బస్సు డిపోలో మెకానిక్. పన్నెండో ఏట నుంచి చక్కెర జబ్బు, రోజూ పూటపూటకూ ఇన్సులిన్ పొడుచుకోవాలి. పొడుచుకున్నాక తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఎవరూ చూసుకోకపోతే ప్రాణానికే ముప్పు. అలాంటివాడికి, పదహారు వేల అడుగుల కనుమ ఒకటి నడిచి దాటాలని కోరిక పుట్టింది. ఇంట్లో అందరూ వద్దన్నారు. అక్క కూడా వద్దనే అంది, వాడు వినకపోయేసరికి తానూ బూట్లు కొనుక్కుంది. ఏడు రోజుల నడక. గుర్రాలు మాట్లాడుకుందామంటే, అప్పుడు గుర్రాలు నడిచినట్టవుతుంది గానీ మనం నడిచినట్టు కాదన్నాడట.

దుకాణంలో కాంచన మా ఎనిమిది పొట్లాలనూ ఒత్తి చూసి, తేదీలు చదివి, బాగున్నాయంది. తీపిని మాత్రం తీసి పక్కన పెట్టింది. చక్కెర మనిషికి హల్వా ఎందుకని ఆమె లెక్క. ఆమె వెనక్కి తిరగ్గానే మునిశేఖర్ నన్ను కోటు లోపలి జేబులో దోపుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు, చంటిపిల్లాడిలా! పక్క జేబులో వాడి ఇన్సులిన్ సూది, చలికి గడ్డకట్టకుండా ఒంటి వేడి తగలాలని. చక్కెరను దించేది ఒక జేబులో, ఎక్కించేది ఇంకో జేబులో. మా ఇద్దరికీ మాటల్లేవు.

మొదటి నాలుగు రోజులూ వాళ్లు పొయ్యి మీద ఉప్మా, అన్నం వండుకున్నారు. పైకి పోయాక పొయ్యి సరిగా మండదు, నీళ్లు కాగినా బియ్యం ఉడకవు. అందుకని సైనికుల పొట్లాలను ఆ తర్వాతి మూడు రోజులకూ దాచుకున్నారు. వాళ్లు చేసిన తెలివైన పని ఇదే, కొంప ముంచిందీ ఇదే. నాలుగో రోజు వాగు దాటుతుంటే గ్లూకోజు డబ్బా జారి నీళ్లలో కొట్టుకుపోయింది. పొట్లాలున్నాయిలే అనుకున్నారు.

ఐదో రోజు పొద్దున, కనుమ కింద గుడారం దగ్గర, మునిశేఖర్ అలవాటుగా సూది పొడుచుకున్నాడు. కాంచన టిఫినుకని సంచి అడుగునుంచి పొట్లాలు తీసింది. తీసినదల్లా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"చూడరా. ఏడుకేడూ ఉబ్బిపోయుండాయి."

వాడు ఒకటి వాసన చూసి, ఏమీ రావడం లేదక్కా, బాగానే ఉంది గదా అన్నాడు.

"వాసనొచ్చేది చిన్న విషం. రానిదే మనిషిని మింగేది. పంతొమ్మిదేండ్లుగా నా పనే ఇది, నాకు చెప్పబాక."

జేబులోంచి నాకంతా వినిపిస్తూనే ఉంది. అమ్మా తల్లీ, ఇది కొండ గాలమ్మా, కుళ్లు కాదమ్మా అని ఎంత మొత్తుకున్నా నాకు నోరేదీ? ఆమె కత్తి తీసింది. స్స్... అని పులావు పోయింది. స్స్... రాజ్మా. ఒక్కొక్కదానికీ బెజ్జం పొడిచి, గొయ్యి తీసి, రాళ్లు పేర్చి మరీ పూడ్చింది. అడవి జంతువు కూడా తినకూడదట! మంచితనం ఉండాలి గానీ మరీ ఇంతా? నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుగురు నికార్సయిన సిపాయిలను ఏ నేరమూ లేకుండా పాతిపెట్టేసింది.

ఇక మిగిలింది మూడు గుప్పిళ్ల బొరుగులు, కాసిని వేరుశెనగలు, వాడి జేబులో ఎనిమిది చాక్లెట్లు. వెనక్కి పోతే మూడు రోజుల దాకా మనిషి కనపడడు. కనుమ దాటి దిగితే సాయంత్రానికి గొర్రెల కాపర్ల గుడిసెలున్నాయి. ఒంట్లో మందు అప్పటికే పనిలో పడింది, దాన్ని వెనక్కి లాగలేరు. బొరుగులన్నీ వాడి చేతే తినిపించి, తాను నీళ్లు తాగి, పద అంది.

ఎక్కుడు అంటే అలాంటిలాంటి ఎక్కుడు కాదు. పది అడుగులు వేసి నిలబడాలి. గంటకో రెండు చొప్పున చాక్లెట్లు అయిపోయాయి. మధ్యాహ్నానికి కనుమ దాటారు. ఫోటో తీసుకునే ఓపిక కూడా ఇద్దరికీ లేదు. అవతలివైపు కొంత దిగాక మునిశేఖర్ ఒంటికని చెప్పి ఒక బండ చాటుకు వెళ్లాడు. కోటులో చెయ్యి పెట్టి నన్ను బయటికి తీశాడు. ఒంట్లో చక్కెర దిగుతోంది, ఆ చెయ్యి వణుకుతోంది.

తినరా నాయనా అనుకున్నాను. నన్ను తినడానికే కదా దొంగతనం చేశావు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? వాడు నన్ను బొటనవేలితో ఒత్తాడు. బిగుసుకుపోయి ఉన్నాను. పొద్దున అక్క అన్న మాట గుర్తొచ్చినట్టుంది. నావైపు ఆశగా చూశాడు, భయంగా చూశాడు, చివరికి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. అక్క మాట మీద వాడికి అంత గురి. ఆ గురి వాణ్ని చంపబోతోందని నాకొక్కదానికే తెలుసు.

ఇంకో అరగంట నడిచాడో లేదో, దారి మధ్యలో చతికిలబడ్డాడు. అంత చలిలో చొక్కా తడిసేలా చెమట. కాంచన పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకుంటే, ఎవరు మేడం మీరు, డిపోలోకి బయటివాళ్లు రాకూడదన్నాడు. ఆమె వాడి వేలికి సూది గుచ్చి మీటరు చూసింది. అంకె నలభైకి కింద ఉంది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

"మునీ, రేయ్, చాక్లెట్లు యాడుండాయి? ఒగటన్నా ఉందా?"

వాడు నవ్వాడు. కళ్లు మూసుకుపోతున్నాయి.

సంచి మొత్తం బోర్లించింది. గిన్నెలు, సాక్సులు, తాళ్లు. వాటి మధ్య ఒక తెల్లపొడి ప్యాకెట్టు కనిపిస్తే లటుక్కున అందుకుంది. చూస్తే ఉప్పు. దాన్ని అవతలికి విసిరికొట్టి, వాడి కోటు గుండీలు లాగి జేబులు తడిమింది. మొదటి జేబులో ఇన్సులిన్. రెండో జేబులో నేను.

నా పేరు చదివింది. ఒక్క క్షణం ఆమె ముఖం వెలిగింది, ఆ వెంటనే ఆరిపోయింది. నేను బుర్రలా ఉబ్బి ఉన్నాను మరి. అలవాటు ఎంత చెడ్డదో చూడండి, ఆమె చెయ్యి తనకు తెలియకుండానే నడుముకున్న కత్తి మీదికి పోయింది. విషమైతే పెట్టకూడదు. పెట్టకపోతే వాడు దక్కడు. దేవుడికి కూడా మొక్కుకోలేదు ఆమె, అంత తీరికేదీ!

అప్పుడే ఆమె చూపు రాళ్లలో పడి ఉన్న ఉప్పు ప్యాకెట్టు మీద పడింది. వెళ్లి దాన్ని తెచ్చుకుంది. ఒక చేతిలో నేను, ఇంకో చేతిలో అది. దాన్ని ఒత్తింది. బిగుతుగా, గుండ్రంగా, చిన్న దిండులా ఉంది. ఇల్లు వదిలేనాడు అది చదునుగా, సన్నగా ఉండేది.

"ఉప్పు కుళ్లదు గదా," అంది తనలో తాను. మళ్లీ అంది, ఈసారి కాస్త గట్టిగా, "ఉప్పెట్ల కుళ్లుతుంది?"

పంతొమ్మిదేళ్లు డబ్బాలు కొట్టిన చెయ్యి అది, దానికి ఇంతకుమించి చెప్పనక్కర్లేదు. ఉప్పులో ఏ పురుగూ బతకదు. అదీ ఉబ్బిందంటే ఉబ్బించింది పురుగు కాదు, ఇంకేదో. అయినా ఆమె మనసు పూర్తిగా కుదుటపడలేదు. ఉప్పు ఉబ్బడానికి కారణం వేరేదైనంత మాత్రాన హల్వా బాగుందని రుజువేమిటి? పనిలో ఆమెకు ఉన్న పట్టింపు అది. కానీ రుజువుకు టైము లేదు. కత్తితో నా మూతి కోసింది. స్స్ అని నా గాలి పోయింది, యాలకుల వాసన వచ్చింది.

వాణ్ని పక్కకు ఒరిగించి, వేలితో ఇంత హల్వా తీసి చెంప లోపల రాసింది. మింగరా, మింగు నాయనా అంటూ గొంతు నిమిరింది. ముందు ఏమీ జరగలేదు. రెండోసారి రాసింది. మూడోసారి. చాలాసేపటికి గొంతు కదిలింది. ఇంకాసేపటికి వాడే నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. పావుగంటకు కళ్లు తెరిచి, చుట్టూ చూసి, నా ఖాళీ అవుతున్న ఒంటిని గుర్తుపట్టి సిగ్గుపడ్డాడు. దొరికిపోయానా అక్కా అన్నాడు. ఆమె వాడి నెత్తిన ఒకటి మొట్టి, మిగిలినదంతా వాడి చేతే తినిపించింది.

సంచి మూలల్లో ఇంకో చెంచాడు అంటుకుని ఉంది. దాన్ని వేలితో తుడిచి, వాడు నీళ్లు తాగుతుండగా తన నోట్లో వేసుకుంది. ఆకలి వేసి కాదని నాకు తెలుసు. వేసుకునేముందు ఆమె గొణిగిన మాట నా ఒంట్లోకే పడింది.

"అయితే ఇద్దరికీ కానీలే."

సాయంత్రానికి గుడిసెలు చేరారు. కాపరి ఇల్లాలు రొట్టెలు, వెన్న వేసిన టీ ఇచ్చింది. వాడు కడుపునిండా తిన్నాడు. ఆమె మాత్రం వాడి కళ్లనే చూస్తూ కూర్చుంది. ఆమె భయపడే విషం వెంటనే పని చెయ్యదు, ఒక రోజు, రోజున్నర పడుతుంది. ముందు కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో చేరిన మొదటి వారమే ఆమెకు నేర్పిన పాఠం అది. నేను నిర్దోషినమ్మా అని మడతల్లోంచి అరుస్తూనే ఉన్నాను. ఆ సాయంత్రం చీకటి పడేదాకా, మర్నాడంతా, గంట గంటకూ వాణ్ని నిలబెట్టి, అదిగో ఆ కొండ, దానికి ఎన్ని కొనలు కనిపిస్తా ఉండాయో చెప్పు అని అడిగేది. తన రెప్పల్ని తానే వేలితో తాకి చూసుకునేది. కొండగాలికి అక్కకు కాస్త తిక్క పట్టిందనుకున్నాడు వాడు.

రెండో రోజు మధ్యాహ్నం తారు రోడ్డు మీదికి వచ్చారు. బస్సు ఆగే చోట ఒక చెత్త డబ్బా ఉంది. కాంచన తమ చెత్తంతా అందులో వేసింది, చివరగా నన్నూ వేసింది. వేసి, వాచీ చూసుకుని, తమ్ముడి వైపు తిరిగింది.

"ఆ కొండకు కొనలెన్నిరా?"

"ఒగటే అక్కా. ఎన్నిసార్లు అడిగినా ఒగటే."

ఆమె రోడ్డు పక్కనే కూలబడి భోరుమని ఏడ్చింది. వాడు కంగారుపడి ఏమైందో చెప్పమన్నాడు. అప్పుడు చెప్పింది, ఉప్పు సంగతీ, గోతిలో పూడ్చిన ఏడు పొట్లాల సంగతీ, ఈ రెండు రోజుల లెక్కా.

"నువ్వు దాన్ని దొంగతనంగా దాచకపోయుంటే దానికీ కత్తి దింపేసుంటాను. నా చేతుల్తోనే నిన్ను..." అని ఆగిపోయింది.

మునిశేఖర్ మెల్లగా అడిగాడు.

"అది విషమేమో అని నీకు అనుమానం గదా. నువ్వూ తినింది నేను చూసినా. మరి నువ్వెందుకు తిన్నావు?"

కాంచన పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. మలుపులో బస్సు హారన్ వినిపిస్తే లేచి నిలబడి, సంచి అందుకోబోయింది. అప్పటికే దాన్ని వాడు తన సంచి మీదుగా భుజానికెత్తుకున్నాడు. రెండు సంచుల బరువుకు నడుము వంగిపోతున్నా, ఆమె ఎంత లాగినా వదల్లేదు.