మూడో ఏరుడు

నేను విమానం ఎక్కలేదు. అయితే ఏంటట? ముప్ఫై రెండు అంతర్జాతీయ విమాన సంస్థల సత్తా ఎంతో నాందేడ్‌లో కూర్చునే తేల్చాను. ఇంధనం, సిబ్బంది, విమానాలు ఎన్ని పెట్టి ఎంతమందిని ఎంత దూరం చేర్చారో చూసి, అందరిలో మెరుగైనవాళ్లతో మిగతావాళ్లను పోల్చడం నా పని. నాలుగేళ్ల పీహెచ్‌డీ. ఆ మధ్యాహ్నం మూడింటికి చివరి సెమినార్. పరీక్షకులు ఒప్పుకోకపోతే మళ్లీ ఏడాది ఆగాలి.

అది చూడ్డానికి మా నాందేడ్ జిల్లాలోని హిమాయత్‌నగర్ నుంచి పొద్దుటి బస్సుకే మా అవ్వ వెంకవ్వ వచ్చింది. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం. పత్తి ఏరే కూలీ. కూలీలను పనికి పంపే ముకద్దం గంగాధర్, ఆమెను చేతులు ఆడని మనిషని ఏళ్ల తరబడి ఆడిపోసుకున్నా, ఆ చేతులతోనే నన్ను చదివించింది.

నా పట్టిక చదివి వినిపించాను.

"గా ఆఖరుదేంది బిడ్డా, గంత అధ్వాన్నమా?"

"అందరి లెక్కనే మందిని పెడ్తది, ఇంధనం పోస్తది. పని మాత్రం తక్కువ."

"ఎంత దూరం పోతది?"

"దగ్గరి దేశాలకే. గంటకోసారి దిగుడు, ఎక్కుడు."

"మరి ఎక్కుడు దిగుడుకే సగం ఇంధనం కాలదా? పత్తి మొదటి ఏరుడుల చేనంత తెల్లగుంటది, ఎవలైనా యాభై కిలోలు ఏరుతరు. మూడో ఏరుడుల చెట్టుకు నాలుగు కాయలు. ఇద్దర్ని ఒక్క కాంటకు తూస్తే ఎట్ల?"

ఒళ్లు మండింది. నాలుగేళ్లు చదివింది నేను, చెప్పేది ఈవిడా! "నీకేం తెలుస్తది, ఊకో అవ్వా" అని కసిరాను. కసిరాక నాకే సిగ్గేసింది. ఆమె అన్నది అక్షరాలా నిజం. తాడిని తన్నేవాడి తలదన్నే మనిషి నా ఎదురుగా చాప మీద కూర్చుని ఉంది.

ఇంకా మూడు గంటల టైముంది. దగ్గరి దారులవాళ్లను విడిగా, దూరపు దారులవాళ్లను విడిగా పెట్టి మళ్లీ లెక్క కట్టాను. ఆఖరున ఉన్న సంస్థ తనవాళ్లలో మొదటికొచ్చింది.

సెమినార్‌లో పరీక్షకుడు వెంకట్రావ్ సార్ నేను ముందు పంపిన ప్రతి తీశారు. ఇందులో ఆఖరున ఉన్నది ఇప్పుడు మొదటిది ఎట్లా అయిందని మరాఠీలో గద్దించారు.

"అది నా తప్పు సార్. పొద్దున మా అవ్వ పట్టుకుంది" అని వెనక బెంచీ చూపించి, పత్తి చేను సంగతంతా చెప్పాను. ఆయన అంతా విని, నవ్వి, సంతకం పెట్టారు.

బయట మెట్ల దగ్గర అవ్వ ఆగింది.

"గంగాధర్ నన్నెప్పుడు మూడో ఏరుడుకే పంపుతుండె. గట్లయితే నేను మెల్లగ ఏరలేదా బిడ్డా?"

నాకు ఏడుపొచ్చింది. "నీతోని మూడో ఏరుడుకు వచ్చినోళ్లల నీకంటె ఎక్కువ ఎవలన్న ఏరిండ్రా?"

అవ్వ వేళ్ల మీద ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది.

"ఎవ్వలు లేరు" అంది. చెప్పులేసుకుంది. "పా, బస్సు టైమయింది. గా గంగాధర్ ఇంటి ముంగట్నుంచే పోదాం."