ఇంట్లోనే ఉంటుంది

“నీకేం తల్లీ, హాయిగా ఇంట్లోనే ఉంటావు,” అంది మా తోడికోడలు, తన ఆఫీసు బట్టలు ఇస్త్రీ బల్ల మీద పడేస్తూ. ఆవిడని నేను అక్కా అని పిలుస్తాను. మనసులో ఏమంటానో ఇక్కడ రాయను. పొయ్యి మీద అన్నదమ్ములిద్దరి డబ్బాల్లోకీ కూర ఉడుకుతోంది, వాషింగ్ మెషీన్‌లో రెండు కాపురాల బట్టలు తిరుగుతున్నాయి, బావగారి కూతురికి జడ వేయాలి, స్నానాల గదిలో తూము మూసుకుపోయింది. ఇంత హాయి నా ఒక్కదానికే ఎందుకు దక్కిందో రెండేళ్ళుగా నాకు అర్థం కాలేదు.

మా దేశంలో నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. నేను రక్తం తీస్తే పిల్లలు కూడా ఏడవరని పేరు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక, “ఉద్యోగం చేయడానికి నీకింకా అనుమతి రాలేదు, ఓపిక పట్టు,” అన్నాడు మా ఆయన. పట్టాను. మళ్ళీ అడిగితే, “గవర్నమెంటు వాళ్ళు నీ కోసమే కాచుక్కూర్చున్నారా?” అని విసుక్కునేవాడు. బావగారు మాత్రం నవ్వుతూనే అనేవారు, “ఉద్యోగం ఎక్కడికి పోతుందమ్మా, ముందు కాస్త టీ పెట్టు.”

ఈమధ్య వీధి చివర ల్యాబ్‌లో మనిషి కావాలని బోర్డు పెట్టారు. కూరగాయల సంచీతోనే లోపలికి వెళ్ళి మాట్లాడాను. అక్కడి పెద్దావిడ ఫోన్‌లో నా సర్టిఫికెట్లు చూసి, “అనుమతి ఒక్కటి ఉంటే వెంటనే చేరిపో,” అంది. ఇక ఆగబుద్ధి కాలేదు. మర్నాడు బీరువాలోంచి నా పాస్‌పోర్టు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా, అనుమతులిచ్చే ఆఫీసులో లైన్లో నిలబడ్డాను.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, “మీకు అనుమతి వచ్చి రెండేళ్ళయిందండీ. పని చేస్తున్నారు కదా?” అంది.

“ఎక్కడ?” అన్నాను వెర్రిమొహం వేసుకుని.

ఆమె బావగారి పేరు చదివింది. మా ఇంటి అడ్రసే చదివింది. “ఇంటి పనిమనిషి,” అంది. ఇంకెవరి వివరాలో చూస్తోందనుకున్నాను. తెర నా వైపు తిప్పింది. నా ఫొటోనే. పెళ్ళయిన కొత్తలో మా ఆయన దగ్గరుండి తీయించాడు. చూపించిన చోటల్లా సంతకాలు కూడా పెట్టాను, మొగుడే కదా అని.

ఆమె గొంతు తగ్గించి, “భోజనం సరిగ్గా పెడుతున్నారా?” అని అడిగింది. ఆ ఇంట్లో అందరికీ పెట్టేదాన్ని నేనే. “వారానికో రోజు సెలవు ఇస్తున్నారా? పడుకోవడానికి విడిగా గది ఉందా?” ఏమని చెప్పను? యజమాని గారి తమ్ముడి పక్కలో పడుకుంటున్నానని చెప్పనా? నవ్వొచ్చింది. మళ్ళీ వస్తానని చెప్పి బయటపడ్డాను.

ఆ సాయంత్రం మా ఆయన బూట్లు విప్పుతుండగానే అడిగేశాను. “నీకెవరు చెప్పారు?” అన్నాడు. అదీ ఆయన నోట వచ్చిన మొదటి మాట. తర్వాత సర్దుకున్నాడు. “పెళ్ళాన్ని తెచ్చుకోవాలంటే ఇక్కడ పెద్ద జీతం చూపించాలి. నాకు లేదు. పనిమనిషిగా అయితే అన్నయ్య తెప్పించగలడు. నీ మీద ప్రేమతోనే కదా!”

“మరి నా జీతం?”

“లెక్కకి చూపించాలి కాబట్టి అన్నయ్య నీ పేరున బ్యాంకులో వేస్తాడు, మళ్ళీ తీసేసుకుంటాడు. మన ఇంట్లో మనకి జీతాలేంటి, సిగ్గులేకుండా?”

“నాకొక్క మాట చెప్పొచ్చుగా?”

“చెప్తే వచ్చేదానివా?”

తెలియక చేశాడు, తొందరలో చేశాడు అని సరిపెట్టుకుందామని చూశాను అప్పటిదాకా. ఆ దారి తనే మూసేశాడు. నేను ఒప్పుకోనని తెలిసే చేశాడు. అక్క గుమ్మం దగ్గరికి వచ్చి, “పేరు ఏదైతేనేం, చేసేది ఇంటి పనేగా,” అంది. బావగారు టీవీ సౌండు తగ్గించారు, అంతే. అందరికీ తెలుసు. వచ్చినవాళ్ళకల్లా “మా మరదలు” అని నన్ను పరిచయం చేసిన మనిషికీ తెలుసు. వీళ్ళ ముందు ఏడవడానికి మనసొప్పక స్నానాల గదిలోకి వెళ్ళి, నిలిచిపోయిన ఆ మురికినీళ్ళలోనే నిలబడి కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

ల్యాబ్ పెద్దావిడ చేర్చుకుంటామని ఉత్తరం ఇచ్చింది. అది పట్టుకుని ఆఫీసుకు బయల్దేరితే మా ఆయన వెంటపడ్డాడు, దారంతా చెవిలో జోరీగలా. “సొంతవాళ్ళని పనిమనిషిగా పెట్టుకోకూడదే ఇక్కడ! అందుకే నీకు పెళ్ళి కాలేదని రాయించాం. చుట్టరికం బయటపడితే అందరం మునుగుతాం. నిన్ను మొదటి విమానం ఎక్కిస్తారు.” నేను వెళ్ళి లైన్లో నిలబడ్డాను.

కౌంటర్ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. ఉత్తరం చదివి, “మీ చదువుకు తగ్గ ఉద్యోగానికి మారొచ్చండి. పాత యజమాని ఒప్పుకోవాల్సిన పని లేదు, మానేస్తున్నట్టు ముందుగా చెప్తే చాలు,” అంది. పొద్దున్నే చెప్పేశానన్నాను. ఆమె టైపు చేస్తూ చేస్తూ ఆగింది.

“ఒక్క ప్రశ్న. ఆ యజమానితో గానీ, ఆ ఇంట్లో వాళ్ళెవరితోనైనా గానీ మీకు బంధుత్వం ఉందా?”

మా ఆయన లేదని చెప్పమని నా మోచెయ్యి గట్టిగా నొక్కాడు.

“ఎవరూ నాకేమీ కారండీ,” అన్నాను, ఆయన చేతిని తీసి పక్కన పెడుతూ. “ఈయనతో సహా.”