శిలాఫలకము క్రింది గుంత

వైశాఖమాసపు మధ్యాహ్నమున చండకిరణుడు నడినెత్తిన నిలిచి నిప్పులు చెఱుగుచుండ ఏటినడిమి యిసుకతిన్నెలు పేలాలు వేయించు మంగలమువలె మండుచుండ కాకులు సైతము కొళాయిగట్లపై నోళ్లు తెఱచి కూర్చుండ కొత్తగిరిపురమున కుమ్మరివీథి నిశ్శబ్దమై యుండెను. పదునేను దినములక్రిందట పఱచిన సిమెంటుబాట యా యెండలో నద్దమువలె మెఱయుచుండెను. బాటమొదట నిలిపిన నల్లరాతిఫలకముపై పురాధ్యక్షురాలు రౌతు హైమావతి నామధేయము సువర్ణాక్షరములతో వెలుగుచుండెను. ఆ పేరునకు ముందు ‘గౌరవనీయ’ యనుమాట రెండుమారులు చెక్కబడియున్నదని యామెతో ననుటకు పురమున నొక్కనికిని ధైర్యము చాలలేదు.

ఆ బాట కిరువైపుల నున్న యిండ్లలో మాత్రము నాలుగు దినములనుండి జనులు వాంతులతో విరేచనములతో కూలుచుండిరి. ఇరువదియేడుగురు ఆసుపత్రి పాలైరి. కుండలు చేయు గురవయ్య తల్లి రెండవనాడే కన్నుమూసెను. అతని యేడేండ్ల కూతురు పైడమ్మ చేతికి సెలైను సూదితో స్పృహలేక పడియుండెను. కొళాయినీటిలో మురుగు కలియుచున్నదని యెల్లరకు దెలిసెను గాని యెచ్చట కలియుచున్నదో యెవ్వరికిని దెలియదయ్యెను. ఆ వీథిగొట్టమును కట్టివేయు వాల్వు కానరాదు. పురమంతటికి నీరాపుదమన్న ముప్పదివేల గొంతుకలు ఆ యెండలో నెండిపోవును.

ఆ యేటియొడ్డున నున్న యేడు పురముల యధ్యక్షులు రెండుమాసముల కొకమారు కూడుకొని యొకరి యనుభవము నొకరికి బంచుకొను కూటమి యొకటి గలదు. దానిలో నొక వింత యాచారము చెల్లుచుండెను. ప్రతివారును తమ పాలనయందలి తప్పిద మొక్కటి చెప్పుకొన్న పిమ్మటగాని టీ పోయరు. తప్పు పేర గొప్ప చెప్పుకొన్నవారి గ్లాసులో ఏటిగడ్డపురాధ్యక్షుడు జగ్గునాయుడు చాటుగా నుప్పు కలుపును. ఆ వృద్ధుడు మూడుమారు లా పదవి నేలినవాడు, పరిహాసప్రియుడు. ఆఱుమాసములక్రిందట పదవికెక్కిన హైమావతి యింతవఱకు మూడు సమావేశములలోను చెట్లు తక్కువ నాటించితిననియు విశ్రాంతి లేక పనిచేసితిననియు తన తప్పులను విన్నవించి మూడుమారులును ఉప్పుటీని ముఖము చిట్లింపక త్రాగెను.

నాటి సాయంకాలము కూటమి కూడెను. రాకున్న ననుమానింతురని హైమావతి వచ్చెను. తనవంతు రాగా వీథిదీపముల మాట యేదో చెప్పి కూర్చుండెను. అందఱును జగ్గునాయునివంక జూచిరి. అతడు ఉప్పుడబ్బా నంటలేదు.

“అమ్మా హైమా, నాను తొలిసారి చైర్మన్నయినప్పుడు మా ఊర్లో పచ్చకామెర్లొచ్చాయి. పేపర్లో పడితే పరువు పోద్దని మూడ్రోజులు నోరిప్పలేదు. నలుగురు పోయారు. ఆ నలుగురి పేర్లు ఇప్పుడడిగినా సెప్తాను. నీ మొకం సూస్తే నాకు ఆ మూడ్రోజులే గుర్తొస్తన్నాయి. ఏటయిందో సెప్పు.”

హైమావతి గ్లాసును ప్రక్కకు నెట్టెను.

“గురవయ్య తల్లి సచ్చిపోనాది, బాబాయ్. అతని కూతురు బతుకుతాదో లేదో తెలీదు. నీళ్లు ఎక్కడ సెడుతున్నాయో నాకు తెలీడం లేదు.”

ఆపై నెవ్వరును ఓదార్పుమాటలు పలుకలేదు. ఎవరి ఫోను వారు తీసిరి. టీ చల్లారులోపల దిగువపురమునుండి మూడు నీళ్లట్యాంకర్లును మఱియొక పురమునుండి యిద్దఱు వైద్యులును బయలుదేఱిరి. జగ్గునాయుడు తన పురమున గొట్టముల మరమ్మతులలో ముదిసిన దాలయ్యను పంపెను.

మఱునాడు మిట్టమధ్యాహ్నమున వీథి సద్దుమణిగిన పిదప దాలయ్య ఒకచెవికి దూది పెట్టుకొని రెండవచెవికి సన్నని యినుపకడ్డీ కొన నానించి రెండవకొన సిమెంటుబాటపై మోపి జానెడు జానెడుగా భూగర్భధ్వని నాలకించుచు సాగెను. హైమావతి యతనిపై గొడుగు పట్టుకొని నడిచెను. శిలాఫలకమునకు మూడడుగుల దూరమున నతడాగెను.

“ఇక్కడ గొట్టం ఏడుస్తంది, మేడం.”

వెంట వచ్చిన పురపాలక యింజినీరు తలవంచెను. అప్పుడు హైమావతికి జ్ఞప్తికి వచ్చెను. ఆవిష్కరణకు ముహూర్తము దగ్గఱపడినదని మూడు దినములలో బాట ముగింపవలెనని యామెయే యాజ్ఞాపించెను. వాల్వుగుంతకు మూత వచ్చువఱకు నాగవలెనని యీ యింజినీరే విన్నవింపగా నామె వినిపించుకొనక పూలదండల లెక్క యడిగెను. ఆ తొందరలో గుఱుతైన నుంచక గుంతను సిమెంటుతో పూడ్చిరి.

“పదిహేను రోజుల రోడ్డు, మేడం,” అని యింజినీరు గొణిగెను. “జనం నవ్వుతారు.”

“నవ్వనీ. కొట్టండి.”

తొలి గునపపుపోటు నామెయే వేసెను. బాట పగిలెను. సిమెంటు బరువునకు వాల్వుకీలు చిట్లి ప్రక్కకాలువనుండి యూరిన నల్లని మురుగులో మునిగియుండెను. దానిని బిగించి వీథికి నీరాపి కొత్తకీలు వేయువఱకు నైదు దినములు పట్టెను. అంతదనుక పొరుగుపురముల ట్యాంకర్లే యా వీథిదాహము తీర్చెను. మఱియొకరు మంచము పట్టలేదు.

ఆఱవనాడు ఆసుపత్రిలో పైడమ్మ కన్నులు తెఱచి నీళ్లడిగెను. గురవయ్య గ్లాసు నింపి బిడ్డ పెదవులదాక దెచ్చి యచ్చటనే యాగి వాకిట నిలిచిన హైమావతివంక జూచెను.

“పట్టొచ్చా, అమ్మా?”

హైమావతి యా గ్లాసందుకొని సగము తాను త్రాగి తిరిగి యతని చేతికిచ్చెను.

గుంతకు మూత కావలసివచ్చెను. హైమావతి నల్లరాతిఫలకమును పెఱికించి గుంతపై పఱపించెను. అక్షరములు క్రిందికి త్రిప్పుదుమా యని పనివారడుగగా పైకే యుండనిండు, వాల్వు వెదకువారికి గుఱుతు కావలెను గదా యని చెప్పెను. తరువాతి సమావేశమున నామె యీ కథనంతయు దాచక చెప్పి టీ త్రాగెను. అందులో చక్కెర రెండింతలుండెను.

నేటికిని కుమ్మరివీథి స్త్రీలు తెల్లవాఱుజామున బిందెలతో వచ్చి యా ఫలకముపై నిలిచి వంతు కెదురుచూతురు. వారి పాదముల యొరపిడికి బంగారునీరు మాసిపోయెను. ‘గౌరవనీయ’ యనుమాట రెండుచోట్లను అరిగిపోయెను. పేరు మాత్రము తడిసినప్పుడెల్ల నిప్పటికిని చదువవచ్చును.