గట్టున పెట్టిన ఒట్టు

మా పెంచలమ్మను ఏటా ఉగాదినాడు అంగట్లో త్రాసు ఎక్కించి బెల్లంతో తూచేవాణ్ణి. ఆత్మకూరు బజారులో మా త్రాసే పెద్దది. దూలానికి ఇనుప గొలుసులతో వేలాడుతూ బస్తాలకు బస్తాలే తూచేది. ఒక తట్టలో పిల్ల, ఇంకో తట్టలో బెల్లం అచ్చులు. తూగిన బెల్లమంతా వీధి పిల్లలకు పంచేవాణ్ణి. రత్తయ్య శెట్టి ఏడాదికి ఒక్కరోజే చెయ్యి విదిలిస్తాడని బజారంతా నవ్వేది. నవ్వితే నవ్వనీ అనుకునేవాణ్ణి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, ఉగాదికి మా పిల్ల సరిగ్గా పన్నెండు వీశెలు తూగింది. ఏడేళ్ళ పిల్లకు అది మంచి బరువే.

అప్పటికి నేను పందెం మానేసి రెండేళ్ళయింది.

కోడిగుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టి నేను పొట్టేళ్ళ పందేల వెంట పడ్డాను. ఉదయగిరి కొండ కింద బయల్లో రెండు పొట్టేళ్ళు వెనక్కి వెనక్కి నడిచి, ఒక్క ఉరుకున వచ్చి నుదురూ నుదురూ కొట్టుకుంటే ధన్‌మని ఒక చప్పుడు వస్తుంది. అది వింటే నా కడుపులో చల్లగా ఉండేది. మొహం తిప్పిన పొట్టేలు ఓడినట్టు, అంతే లెక్క. ఏది మొహం తిప్పుతుందో నాకు ముందే తెలుసనుకునేవాణ్ణి. తెలియదని తెలిసేసరికి మా ఆవిడ హనుమాయమ్మ మెడలో పుస్తెలు తప్ప ఇంట్లో బంగారమన్నది లేదు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. పిల్లను తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"నా మీద వెయ్యబాకండి ఒట్టు. నన్ను ఎప్పుడో అమ్మేసినారు. దీని తల మీద వెయ్యండి" అంది.

వేశాను. కుడి అరచెయ్యి పెంచలమ్మ నడినెత్తిన పెట్టి, బతికి ఉండగా పందెం కాయనని ఒట్టు వేశాను. ఆముదం రాసిన తల, వెచ్చగా ఉంది.

మానెయ్యడం అంటే ఒకరోజు పని అనుకుంటారు జనం. వాళ్ళ మొహం. గోడ మీద రెండు బల్లులు కనిపిస్తే ఏది ముందు పురుగును పడుతుందో చూసేదాకా నేను కదలలేకపోయేవాణ్ణి. చూరు నుంచి రెండు వాన చుక్కలు జారుతుంటే ఎడమ చుక్క మీద రూపాయి అని లోపలెవరో అనేవాడు. నోటితో మాత్రం అనలేదు. లోపలివాడు మరీ మొండికేస్తే లేచి వెళ్ళి, ఆడుకుంటున్న పెంచలమ్మ నెత్తిన చెయ్యి పెట్టి కాసేపు నిలబడేవాణ్ణి. "ఏంది నాయనా?" అనేది. "ఏం లేదమ్మా, ఆడుకో" అనేవాణ్ణి. వాడు సర్దుకునేవాడు. అట్లా రెండేళ్ళు గడిపాను.

వైశాఖంలో కుంకుడుకాయల బేరానికని ఉదయగిరి బయల్దేరాను. ఊరు ఇంకో మైలు ఉందనగా బస్సు చెరువు గట్టు దగ్గర ఆగింది. ఇంజను ఆవిర్లు కక్కుతోంది, నీళ్ళు పొయ్యాలన్నారు. దిగి నిలబడ్డాను. అప్పుడే మర్రిపాడు గోవిందయ్య ఎర్ర పొట్టేలును తోలుకుంటూ గట్టెక్కి వచ్చాడు. ఒకప్పుడు నేనూ అతనూ ఏ పందెమూ వదిలేవాళ్ళం కాదు.

"ఏంది శెట్టీ, కనపడటమే మానేసినావు. ఇయ్యాళ మా ఎర్రోడు దిగతన్నాడు, రా."

"ఒట్టేసినాను గోవిందయ్యా. బిడ్డ తల మీద."

"దానిదేముండాది? ఒట్టు తీసి గట్టున పెట్టు. పోయేటప్పుడు మళ్ళీ ఎత్తుకుందువు" అని పకపకా నవ్వాడు.

ఈ మాట అందరూ అనేదే. మాట తప్పేటప్పుడు ప్రతివాడూ నవ్వుతూ ఒట్టు తీసి గట్టున పెడతాడు. కానీ నిజంగా పెట్టినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. నాది వ్యాపారి బుద్ధి. ఏదైనా పద్ధతిగా జరిగితే తప్పు కాదనిపిస్తుంది. కాలి దగ్గర ఒక నున్నటి గులకరాయి కనిపించింది. దాన్ని ఒట్టేసిన అరచేతిలో పెట్టుకుని, "ఇది పెంచలమ్మ తల మీది ఒట్టు. సాయంత్రం వచ్చి తీసుకుంటాను" అని పైకే అన్నాను. అని గట్టు మీద పెట్టాను. గోవిందయ్య నవ్వు ఆగిపోయింది. నా వైపు ఒకలాగా చూసి, పొట్టేలును అదిలించి నడిచాడు. నేను అతని వెనకే పోయాను. చెయ్యి దూదిలాగా తేలిగ్గా ఉంది.

ఆ రోజు అయిదు పందేలు కాశాను, అయిదూ గెలిచాను. జన్మలో ఎన్నడూ అట్లా గెలవలేదు. చివరి పందెంలో నల్ల పొట్టేలు బాగా కొడుతోంది, నేను కాసింది ఎర్రదాని మీద. ఉన్నట్టుండి నల్లది ఆగి, ఎదుటిదాన్ని వదిలేసి, మెడ తిప్పి గుంపులో ఉన్న నన్ను చూసింది. మొహం తిప్పింది కాబట్టి ఓడిందన్నారు. నాకు గెలిచిన సంతోషం రాలేదు. పిల్లకు పచ్చ గాజులు కొనుక్కుని గట్టుకు వచ్చాను.

ఇంకా ఎండ ఉంది. గాలి లేదు. గట్టు పొడుగునా నున్నటి గులకరాళ్ళు ఉన్నాయి. జానెడుకొకటి, వరసగా, కనుచూపు మేర దాకా. పొద్దున నేను వాటిని చూడనే లేదు. అన్నీ ఒక్క తీరు, అన్నీ ఎవరో అరచేతిలోంచి మెల్లగా దించినట్టే ఉన్నాయి. నాదేదో తెలియలేదు. ఇంతలో తిరుగు బస్సు హారను కొట్టింది. రాళ్ళే కదా అనుకున్నాను, సిగ్గులేకుండా. వెళ్ళి ఎక్కేశాను.

ఇంటికి చేరేసరికి పెంచలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. రోజూ ఎదురొచ్చి మీద పడే పిల్ల, ఆ రోజు స్తంభం పట్టుకుని లేచింది.

"నాయనా, నెత్తి మీద ఏందో తీసేసినట్టుండాది. తేలిగ్గా ఉండాది" అంది.

ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. కూర్చున్నట్టే అనిపించలేదు. మర్నాడు అంగడి తెరవగానే త్రాసు ఎక్కించాను. పదకొండు వీశెలు. త్రాసులో తేడా ఏమోనని తూకపు రాళ్ళన్నీ మార్చి మార్చి చూశాను. ఆ మర్నాడు పది, ఆ తరువాత తొమ్మిది. పిల్ల చిక్కలేదు, జ్వరం లేదు, అన్నం ఎప్పటిలాగే తింటోంది. వైద్యుడు నాడి చూసి పిల్ల గుండ్రాయిలాగా ఉందన్నాడు. నేను వీధిలోకి చూశాను. దుమ్ములో పిల్లలందరి అడుగులూ పడుతున్నాయి, మా పిల్లవి పడీపడనట్టు ఉన్నాయి.

హనుమాయమ్మ పిల్ల చేతి గాజులు చూసింది. "యాడివి ఇవి?" అంది.

చెప్పాను. ఏదీ దాచలేదు.

"మీరు పెట్టినారు. మీరే పోయి తెచ్చుకోండి" అంది.

పోయాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం గట్టు మీద ఒక ముసలమ్మ చేపల వల ఆరేసుకుంటోంది. చెరువు కింది పల్లెలో నాగులమ్మ అంటే అందరికీ తెలుసట. నేను వంగి రాళ్ళను చూస్తుంటే, అడక్కుండానే అంది:

"నీదేదో తెలవదా సామీ? ఎవురికీ తెలవదు. పెట్టేటప్పుడు ఒక్కటే కనపడతాది. తీసుకోను వస్తే ఇన్ని కనపడతాయి."

"మరి ఎట్లా అవ్వా?"

"ఏదో ఒకటి ఎత్తుకోని పోతారు. నీదైతే నీ అదురుష్టం."

ఆ మాట చెవిన పడగానే నా కడుపులో చల్లబడింది. మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. బిడ్డ రోజుకో వీశె తరిగిపోతుంటే, ఆ గట్టు మీద నిలబడి నేను సంతోషపడ్డాను. ఆ రాళ్ళ వెంట నడుస్తుంటే లోపలివాడు రెండేళ్ళ తరువాత గొంతెత్తాడు. 'అది కాదు, అది కాదు, తుమ్మ చెట్టు తరువాత మూడోది' అన్నాడు. నాకు ఖాయంగా తెలుసనిపించింది. మూడోదాన్ని ఎత్తుకుని ఇంటికి పరుగెత్తాను.

అరచేతిలో ఆ రాయి ఉంచుకుని పెంచలమ్మ నెత్తిన పెట్టి ఒట్టు మళ్ళీ చెప్పాను. పిల్ల కళ్ళు మూసి తెరిచింది. హనుమాయమ్మ ఆత్రంగా, "ఎట్లుండాది తల్లీ?" అని ముందుకు వంగింది. పిల్ల మెడ పక్కకు తిప్పేసింది. ఆవిడ ఆ పక్కకు వెళ్తే ఈ పక్కకు తిప్పింది. అన్నం కలిపి పెడితే గోడ వైపు తిరిగి నోరు తెరిచింది. ఎవడో మహానుభావుడు ఎవరి మీదో కోపంతో, నీ మొహం జన్మలో చూడనని వేసిన ఒట్టు అది. దాన్ని తెచ్చి నా బిడ్డ నెత్తిన పెట్టాను. మూడు రోజులు మా ఆవిడ కన్నబిడ్డ వీపు చూస్తూ వంట చేసింది. ఆ మూడు రోజుల్లో ఆవిడ మొహం నేనూ చూడలేకపోయాను.

నాలుగో రోజుకు పిల్ల నాలుగు వీశెలకు దిగింది. గాలి వీస్తే తలుపు మూస్తున్నాం. ఆ రాయి తీసుకుని మళ్ళీ గట్టుకు పోయాను. తుమ్మ చెట్టు తరువాత ఖాళీగా ఉన్న చోట పెట్టేసి కూలబడ్డాను. నాగులమ్మ అక్కడే ఉంది.

"ఈసారి ఏదెత్తుకుంటావు సామీ?"

కొండ కింద నుంచి ధన్‌మని చప్పుడు వినిపించింది. తల తిప్పి చూశాను. బయలంతా ఖాళీ, ఒక్క పొట్టేలు లేదు. మళ్ళీ ధన్‌మంది. ఆ చప్పుడుతోపాటే లోపలివాడు, 'చివరి నుంచి ఏడోది. ఈసారి తప్పదు' అన్నాడు. నా చెయ్యి దానంతటది లేచింది. ఆ చెయ్యిని చూసుకున్నాను. పొట్టేళ్ళ మీదికి లేచిన చెయ్యి అదే. నేను చేస్తున్నది వెతకడం కాదని అప్పుడు తెలిసింది. నా బిడ్డనే పెట్టి మళ్ళీ పందెం కాస్తున్నాను. ఏడుపు ఆగలేదు. నడివయసు మగవాణ్ణి, ఆ ముసలమ్మ ముందు వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏదీ ఎత్తను అవ్వా. నాదే అయినా సరే, చూసి చూసి పందెం కాసి ఎత్తను" అన్నాను.

"బిడ్డ పోతే?"

లేచి, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని, ఆ రాళ్ళ పక్కనుంచే నడిచి వచ్చేశాను. అంత దూరం నేను జీవితంలో ఎన్నడూ నడవలేదు. వెనక ధన్ ధన్‌మని కొడుతూనే ఉంది.

వట్టి చేతులతో ఇంట్లోకి వచ్చిన నన్ను చూసి హనుమాయమ్మ చాప మీద కూలిపోయింది. తెల్లవారాక, ఆ పరాయి ఒట్టు వదిలి, పిల్ల మొహం మా వైపు తిప్పింది, అమ్మను చూసి నవ్వింది కూడా. కానీ ఎత్తుకుంటే చేతిలో గుడ్డ పట్టుకున్నట్టు ఉంది. త్రాసు ఎక్కించాను. అటు తట్టలో మూడు వీశెల బెల్లానికే పిల్ల కూర్చున్న తట్ట నా గుండెల ఎత్తున తేలి ఆగింది. రేపటికి రెండు, ఎల్లుండికి ఒకటి. ఆ తరువాత లెక్క నేను వెయ్యలేదు.

పెంచలమ్మ తట్టలో ఊగుతూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. తరువాత రెండు పిడికిళ్ళు నా ముందుకు చాచింది. పిల్లలందరూ ఆడే ఆటే. నేను మాత్రం ఒట్టు వేసిన రోజు నుంచి దాన్ని ఆడించలేదు.

"నాయనా, రాయి ఏ చేతిలో ఉండాదో చెప్పు."

హనుమాయమ్మ అంగడి గుమ్మం పట్టుకుని నిలబడింది. పిల్ల కుడి పిడికిలి కొంచెం బిగువుగా ఉంది. బొటనవేలు తెల్లబడింది. కుడి, కుడి అని లోపలివాడు అరిచాడు. నాకు కనిపిస్తూనే ఉంది కదా, ఇది పందెం ఎట్లా అవుతుందన్నాడు. చెప్తే పిల్ల నవ్వుతుందన్నాడు. నా నాలుక అంచు దాకా వచ్చింది.

"నేను చెప్పనమ్మా" అన్నాను. "నాకు తెలవదు. నువ్వే రెండు చేతులూ తెరిచి చూపించు."

"ఊరికే చెప్పు నాయనా. తప్పయితే ఏం గాదులే."

"చెప్పను తల్లీ. ఎప్పటికీ చెప్పను."

రెండు పిడికిళ్ళూ తెరిచింది. రెండూ ఖాళీ.

"రాయేదమ్మా మరి?" అన్నాను.

పెంచలమ్మ పచ్చ గాజుల చెయ్యి ఎత్తి నడినెత్తిన పెట్టుకుంది.

"ఈడ ఉండాది నాయనా" అంది.

గొలుసులు కిర్రుమన్నాయి. బెల్లం తట్ట ఎగిరి దూలానికి తగిలింది, పిల్ల తట్ట దిగి వచ్చి దభీమని నేలకు ఆనింది.